మొరం పోసిన జాగాలో కూరగాయల మడి: ఏ ఎరువు, ఎంత, ఎప్పుడు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నల్లగొండ శివారులో కొత్త ఇల్లు. వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు జాగా. ఇల్లు కట్టేటప్పుడు ఎత్తు కోసం ఎర్ర మొరం తోలించారు. బోరు నీళ్లే ఆధారం. మట్టి పరీక్షలో పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణం కొలత) 8.2, ఈసీ (లవణాల కొలత) 0.4, సేంద్రియ కర్బనం 0.28 శాతం వచ్చాయి. టమాట, వంకాయ, బెండ పెట్టిన నెలకే పసుపెక్కుతున్నాయి. ఎన్ని ట్రాక్టర్ల పెంట (పశువుల ఎరువు) తోలించాలని, జీవామృతం ఒక్కటే పోస్తే చాలదా అని అడిగారు.

మీ జాగాకు ట్రాక్టరు నిండా అక్కర్లేదు, మూడో వంతు కంటే తక్కువే చాలు. అయితే ఆ కొంచెం కూడా ఒక్కసారి పోసి వదిలేస్తే ఏడాది తిరిగేసరికి నేల మళ్లీ మొదటికొస్తుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే ఊళ్లలో మట్టిలోని సేంద్రియ పదార్థం చాలా వేగంగా కరిగిపోతుంది. అందుకే మొదటిసారి కాస్త ఎక్కువగా, ఆ తర్వాత ప్రతి కారుకూ (పంట కాలానికీ) కొంచెం కొంచెంగా వేస్తూ, నేలను ఎప్పుడూ కప్పి ఉంచాలి.

ఎరువు కంటే ముందు మొరం సంగతి చూడాలి. ఇల్లు కట్టేటప్పుడు పోసిన మొరం మీద జేసీబీ, ట్రాక్టరు, ఇసుక లారీ తిరిగి ఉంటాయి. పైన ఆరంగుళాలు తవ్వి ఎంత మంచి ఎరువు కలిపినా, కింద గట్టి పొర అలాగే ఉంటే అది అడుగున రంధ్రం లేని తొట్టి లాంటిదే. వానకాలంలో నీళ్లు దిగక వేర్లు కుళ్లుతాయి, ఎండాకాలంలో వేరు కిందికి పోలేక మొక్క మధ్యాహ్నానికే వాలిపోతుంది. ఒక మూల అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, ఈ రెండోసారి నీళ్లు ఎంత సేపట్లో దిగాయో చూడండి. మూడు నాలుగు గంటల్లో ఇంకితే బాధ లేదు. తెల్లారినా నిలిచి ఉంటే కింద పొర పగలగొట్టాల్సిందే.

పగలగొట్టడానికి గడ్డపారే మేలు. రోటవేటర్ నాలుగైదు అంగుళాలే తిరుగుతుంది, పైపెచ్చు దాని కింద ఇంకో గట్టి పొర తయారవుతుంది. ముందురోజు సాయంత్రం బాగా తడిపి, మరునాడో ఆ మరునాడో తవ్వండి. పిడికెడు మట్టి తీసుకుని నొక్కితే ముద్ద కట్టి, వేలితో తాకితే విడిపోవాలి. అదే సరైన పదును. బురదగా ఉన్నప్పుడు తవ్వితే పెడ్డలు ఎండి ఇటుకల్లా తయారవుతాయి. అడుగు లోతు తవ్వి, పిడికిలి కంటే పెద్ద రాళ్లు ఏరేయండి. చిన్న గులకలు ఉంటే ఉండనివ్వండి, వాటివల్ల నష్టం లేదు. తవ్వేటప్పుడు తెల్లటి సుద్ద గుళ్లు కనిపిస్తే వాటిమీద కొంచెం వెనిగర్ పోసి చూడండి. బుసబుస పొంగితే నేలలో సున్నం ఉన్నట్టు. ఆ విషయం గుర్తు పెట్టుకోండి, పసుపు ఆకుల దగ్గర దానితో పని ఉంది.

ఇక కొలత. పంట పొలాలకు ఎకరాకు 10 టన్నుల పశువుల ఎరువు చెబుతారు. ఆ లెక్కన మీ 200 చదరపు అడుగులకు 46 కిలోలే వస్తుంది. ఏళ్ల తరబడి దున్నుతున్న పొలానికి అది సరిపోతుంది కానీ మొరానికి సరిపోదు. మొదటిసారి ఒకటిన్నర అంగుళం మందాన పరవండి. అంటే 25 ఘనపు అడుగులు, సిమెంటు బస్తాల లెక్కలో సుమారు 20 బస్తాలు, తూకంలో 400 కిలోలకు అటూ ఇటూ. ట్రాక్టరు ట్రాలీలో మామూలుగా 100 ఘనపు అడుగుల దాకా పడుతుంది. పక్కింటివాళ్లతో పంచుకుని తెప్పిస్తే కిరాయి కలిసొస్తుంది.

ఇంత ఎందుకో చూడండి. మీ జాగాలో పై ఆరంగుళాల మట్టి బరువు సుమారు 4 టన్నులు. కర్బనం 0.28 నుంచి 0.5 శాతానికి చేరాలంటే, అంటే తక్కువ అనే గీత దాటాలంటే, మట్టిలో 9 కిలోల కర్బనం అదనంగా నిలవాలి. మాగిన 400 కిలోల ఎరువులో కర్బనం 40, 50 కిలోలు ఉంటుంది. అందులో సగానికి పైగా మొదటి ఏడాదిలోనే గాలిలో కలిసిపోతుంది, మిగిలింది ఆ తర్వాతా తరుగుతూనే ఉంటుంది. రెండో కారు నుంచి అర అంగుళం లోపే, అంటే నాలుగు నుంచి ఆరు బస్తాలు చాలు. మొదటి మోతాదునే ప్రతిసారీ వేస్తే మట్టిలో భాస్వరం, లవణాలు పేరుకుని జింకు, ఇనుము మొక్కకు అందవు. ఆకు మళ్లీ పసుపెక్కితే ఎరువు చాలలేదనుకుని ఇంకా వేసేవాళ్లు చాలామంది ఉంటారు.

పశువుల ఎరువు కొనేటప్పుడు మాగిందా లేదా చూసి కొనండి. బాగా మాగిన పెంట నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. గడ్డి పోచలు గుర్తుపట్టలేనట్టు ఉంటాయి, వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. కుప్ప లోపలికి చెయ్యి పెడితే వేడి తగలకూడదు. అనుమానముంటే గుప్పెడు తడిపి ప్లాస్టిక్ కవరులో గట్టిగా మూతికట్టి రెండు రోజులు ఉంచి విప్పండి. ముక్కు మూసుకునే వాసన వస్తే అది ఇంకా పచ్చిదే. ఇంకో పరీక్ష కూడా ఉంది. చిన్న డబ్బాలో ఆ ఎరువు, మట్టి చెరి సగం కలిపి ఇరవై మెంతులు చల్లండి. వారంలో పదహారు, పదిహేడు మొలిచి పచ్చగా నిలబడితే వాడుకోవచ్చు.

పచ్చి పేడ వేస్తే ఎర్ర నేలల్లో మొదట వచ్చేది చెద. దాని వెనకే వేరుపురుగు. తెల్లగా, లావుగా, అర్ధచంద్రంలా ముడుచుకుని ఉండే ఆ పురుగు వేర్లు కొరికేస్తే, నిన్నటిదాకా బాగున్న వంకాయ మొక్క ఈరోజు పీకితే చేతిలోకి వచ్చేస్తుంది. కొన్న పెంటలో అలాంటి పురుగులు కనిపిస్తే ఎండలో పలచగా పరిచి తిరగేయండి, కోళ్లూ కాకులూ ఏరుకుంటాయి. ఎండ తగిలించడం ఒకటి రెండు రోజులకు మించకూడదు. ఎక్కువ ఎండితే నత్రజని పోతుంది.

గొర్రెల ఎరువు మన దిక్కు సులభంగా దొరుకుతుంది, పశువుల ఎరువు కంటే బలమైనది కూడా. ఆ 20 బస్తాల్లో సగం అది వేసుకోవచ్చు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే మందలు సర్కారు తుమ్మ కాయలు తింటాయి, గింజలు అరగకుండా బయటికొస్తాయి. వేడెక్కేలా కుప్ప వేసి మాగబెట్టనిదే వాడితే మడి నిండా తుమ్మ మొలకలే. రెండాకుల మీద ఉన్నప్పుడే పీకేయండి, ఆలస్యమైతే వేరు దిగి గడ్డపార పట్టాల్సి వస్తుంది.

కోళ్ల ఎరువు విషయంలో జాగ్రత్త. అందులో నత్రజని 3 శాతం దాకా ఉంటుంది, పచ్చిగా వేస్తే వేర్లు మాడిపోతాయి. గుడ్ల కోళ్ల ఫారాల నుంచి వచ్చే ఎరువులో దాణా ద్వారా వచ్చిన సున్నం చాలా ఉంటుంది. మీ నేల ఇప్పటికే 8.2 కాబట్టి అది మీకు వద్దు. మాంసం కోళ్ల షెడ్లలో ఉనుకతో (వరి పొట్టుతో) కలిసి వచ్చేది దొరికితే, మూడు నెలలు కుప్ప వేసి మాగబెట్టి, మొత్తం జాగాకు 20 కిలోలకు మించకుండా వాడండి.

చెరువు మట్టి గురించి అందరూ అడుగుతారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడిక మట్టిని రైతులు చెలకలకు తోలుకున్నారు. ఇసుక పాళ్లు ఎక్కువున్న చెలకకు అది నిజంగా మంచి మందు, నీళ్లనూ పోషకాలనూ పట్టి ఉంచే బంక మట్టి దాంతో వస్తుంది. మొరానికి కూడా పనికొస్తుంది. రేగడి నేలలకు మాత్రం వేయకూడదు, ఉన్న బంక చాలదన్నట్టు ఇంకా బిగుసుకుంటుంది. మీరు ఒక అంగుళం మందానికి, అంటే 16, 17 ఘనపు అడుగులకు మించి వేయకండి. పెడ్డల్ని ఎండబెట్టి, చిదిమి, ఎరువుతో పాటే మట్టిలో బాగా కలపాలి. పొరలాగా పైన పరిచి వదిలేస్తే అట్టకట్టి వాన నీటిని కిందికి దిగనివ్వదు. తుంగ గడ్డలు కనిపిస్తే ఒక్కొక్కటీ ఏరేయండి, ఒకటి మిగిలినా మడిని ఆక్రమిస్తుంది. ఊరి మురుగు వచ్చి కలిసే చెరువు మట్టి, మూసీ ఒడ్డు మట్టి, అక్కడ పెరిగే గుర్రపు డెక్క ఇంటి కూరగాయలకు అసలే వద్దు. వాటిలో భార లోహాలు ఉంటాయి, కంపోస్టు చేసినా అవి పోవు.

గింజల నుంచి నూనె తీయగా మిగిలే పిండి ఎరువుల్లో ఆముదం పిండి, వేప పిండి తీసుకోండి. పాలమూరు, నల్లగొండ ఆముదం పండిన జిల్లాలే, గానుగల దగ్గర వాకబు చేస్తే దొరుకుతుంది. ఆముదం పిండిలో నత్రజని 4 శాతానికి పైనే. మీ జాగాకు ఆముదం పిండి 2 కిలోలు, వేప పిండి 2 కిలోలు చాలు. నాటడానికి కనీసం రెండు వారాల ముందు పై నాలుగంగుళాల మట్టిలో కలిపి తడపండి. నాటే రోజే గుంతలో వేస్తే పిండి కుళ్లే వేడికి లేత వేరు దెబ్బతింటుంది. ఇంట్లో కుక్క గానీ మేక గానీ ఉంటే ఆముదం పిండి బస్తా అందకుండా పెట్టండి, మడిలో పైన కనిపించకుండా మట్టితో కప్పేయండి. అది తింటే పశువులకు ప్రాణాపాయం. పిల్లలున్న ఇళ్లలో వేప పిండి ఒక్కటే 4 కిలోలు వాడటం మేలు.

ఉచితంగా వస్తాయి కదా అని తెచ్చుకునేవాటిలో కొన్ని మీ నేలకు సరిపడవు. మిర్యాలగూడ బియ్యం మిల్లుల బూడిద పీహెచ్‌ను ఇంకా పెంచుతుంది. పొయ్యి బూడిదా అంతే. మిల్లు ఉనుక త్వరగా కుళ్లదు, దాన్ని మట్టిలో కలపడం కంటే మడుల మధ్య బాటలో పరవడం మంచిది. రంపపు పొట్టు కలిపితే అది కుళ్లడానికి మట్టిలోని నత్రజనినే తీసేసుకుంటుంది, మొక్క కింది ఆకులు పాలిపోతాయి. పల్లి పొట్టు మాత్రం బంగారం. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు పల్లి మిల్లుల దగ్గర దొరుకుతుంది. పేడ నీళ్లు చల్లి మూడు నాలుగు నెలలు కుప్పలో మాగబెడితే తేలికైన మంచి కంపోస్టు అవుతుంది. పత్తి కట్టె తెచ్చి ఇంటి వెనక పేర్చుకోకండి. ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి వచ్చే పంటకు పాకుతుంది.

పని క్రమం ఇలా పెట్టుకోండి. మే మూడో వారంలో తవ్వి, 20 బస్తాల ఎరువు, చెరువు మట్టి ఉంటే అది, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతులో కలపండి. వెంటనే తడిపి, పైన వరి గడ్డి కప్పండి. రోహిణి ఎండలకు నేలను కప్పకుండా వదిలేయకూడదు. మృగశిర కార్తెలో వాన పడి నేల పదునవగానే గడ్డి పక్కకు లాగి 200 గ్రాముల జనుము విత్తనాలు చల్లి, పైపైన కలపండి. మీ జాగాలో నీళ్లు నిలిచే మూల ఉంటే అక్కడ జనుము బతకదు, జీలుగ వేయండి. 45 రోజులకు పూతకు వస్తుంది. మొదటి పువ్వులు కనిపించగానే కొడవలితో కోసి, జానెడు ముక్కలు చేసి మట్టిలో కలిపేయాలి. పువ్వు చూడటానికి బాగుందని ఇంకో పది రోజులు ఉంచితే కాండం నారబట్టి త్వరగా కుళ్లదు. కలిపాక రెండు వారాలు తడి ఆరకుండా చూసి, ఆ మధ్యలోనే పిండ్లు వేసి, ఆగస్టు మూడో వారంలో నారు నాటండి. ఒక కారు పోతుందని బాధపడకండి. జనుము వేళ్లు ఆ రెండు నెలల్లో మొరంలోకి చేసే దారులు ఏ పారా చేయలేదు. ఆగలేకపోతే జాగాలో మూడో వంతు ఇప్పుడే మడి కట్టి తోటకూర, గోంగూర వేసుకోండి, మిగతా దానిలో జనుము పెంచండి.

నాటాక మూడంగుళాల మందాన వరి గడ్డి గానీ, రాలిన వేప, కానుగ ఆకులు గానీ పరవండి. కాండానికి రెండంగుళాల దూరం వదలండి, ఆనుకుంటే తడికి మొదలు కుళ్లుతుంది. గడ్డి పూర్తిగా ఎండి ఉంటే చెద పడుతుంది, వారానికి ఒకటి రెండుసార్లు దాని మీద కూడా నీళ్లు చిలకరించండి. ఎడతెరిపి లేని వానల్లో నత్తలు చేరితే పొద్దున్నే గడ్డి ఎత్తి ఏరేసి, కొన్నాళ్లు పలచగా ఉంచండి. మొత్తానికి తీసేయకండి. ఈ కప్పు కుళ్లుతూ ఇచ్చే సేంద్రియ పదార్థమే రెండో ఏడు నుంచి మీ బస్తాల ఖర్చు తగ్గిస్తుంది. కొనాల్సిన అవసరం లేకుండా పచ్చి ఆకు కావాలంటే కంచె వెంట రెండు మూడు గిరిపుష్పం మొక్కలు పెట్టండి. ఏడాది దాటాక కొమ్మలు నరికి ఆకు మడిలో వేసుకోవచ్చు.

నీళ్ల సంగతి వదలకూడదు. బోరు నీటిని కూడా పరీక్ష చేయించండి. మన జిల్లాలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో తరచుగా సోడియం, బైకార్బొనేట్లు ఎక్కువ, కాల్షియం తక్కువ. అలాంటి నీరు పారిస్తూ పోతే ఎంత ఎరువు వేసినా పైమట్టి బిళ్లకట్టి నీరు పీల్చదు. నేల పీహెచ్ 8.5 దాటినా, నీటి నివేదికలో అవశేష సోడియం కార్బొనేటు (ఆర్‌ఎస్‌సీ) లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు మించినా జిప్సం కావాలి. ఎకరాకు టన్ను లెక్కన మీకు 4.5 నుంచి 5 కిలోలు. వానలకు ముందు చల్లి మట్టిలో కలిపితే వాన నీళ్లు సోడియాన్ని కిందికి కడిగేస్తాయి. మీ 8.2కి, ఈసీ 0.4కి ఇప్పటికైతే జిప్సం అత్యవసరం కాదు, నీటి పరీక్ష చూసి నిర్ణయించండి. డాబా మీది వాన నీటి పైపును మడి వైపు తిప్పడం మాత్రం ఈ ఏడాదే చేయండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 800 లీటర్లకు పైగా మంచి నీరు వస్తుంది.

ఇప్పుడు పసుపు ఆకులు. ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలడం లేదు. పశువుల మూత్రం దొరికితే ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి, తడి మట్టిలో మొదలుకు దూరంగా పోయండి. వారం పది రోజుల్లో తేడా కనిపిస్తుంది. పైన కొత్త ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదన్నమాట. సుద్ద గుళ్లు పొంగిన నేలలో ఇది సర్వసాధారణం, మన బత్తాయి తోటల్లోనూ ఇదే చూస్తాం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. ద్రావణం అప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవ ఉంటే తుప్పు రంగుకు మారి పనిచేయదు. అన్నభేదిని నేలలో వేయడం దండగ, ఆ సున్నం దాన్ని వెంటనే పట్టేస్తుంది. కంపోస్టు పెరిగేకొద్దీ వేళ్ల చుట్టూ పుట్టే ఆమ్లాలు ఇనుమును కొంత విడిపిస్తాయి కాబట్టి మూడో కారుకు పిచికారీల అవసరం తగ్గుతుంది.

జీవామృతం ఒక్కటే పోస్తే చాలదా అన్నారు. పోయండి, తప్పులేదు. కానీ లెక్క చూడండి. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి. అది ఎకరానికి. మీ జాగా వంతుకు వచ్చేది ఒక్క లీటరు. అందులో మట్టికి చేరే కర్బనం గ్రాముల్లోనే ఉంటుంది. సూక్ష్మజీవులు పెరగాలంటే తినడానికి ఏదో ఉండాలి. కింద ఎరువు, పైన గడ్డి కప్పు ఉన్న మడిలో పోస్తేనే దాని ఫలం కనిపిస్తుంది.

వచ్చే కారుకు కావాల్సిన నాలుగైదు బస్తాలు ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. వేప చెట్టు నీడలో మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు కుప్ప. అంతకంటే చిన్నదైతే మన గాలికి ఎండిపోయి వేడెక్కదు. మూడు గంపల ఎండాకు లేదా గడ్డికి ఒక గంప వంటింటి తొక్కలు, పచ్చి కలుపు, పేడ కలిపి ఉన్నది. ప్రతి పొర మీదా పేడ నీళ్లు. వయ్యారిభామ వేయాలంటే పూతకు రాకముందే పీకి వేయండి, చేతులకు తొడుగులు వేసుకుని. గరిక, తుంగ వేయకండి. లోపలి గడ్డి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార రాకూడదు. పైన పాత గోనె సంచులు కప్పండి. మొదటి వారంలో లోపల చెయ్యి పెట్టలేనంత వేడి రావాలి. రాలేదంటే తడి చాలలేదు, లేదా పచ్చిది చాలలేదు. దుర్వాసన వస్తే తడి ఎక్కువై గాలి ఆడటం లేదు, తిరగేసి ఎండాకు కలపండి. పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలలకు చేతికొస్తుంది.

మళ్లీ మట్టి పరీక్ష వచ్చే మే నెలలో, కొత్త ఎరువు వేయకముందు చేయించండి. పైన గడ్డి కప్పు తీసేసి, ఐదారు చోట్ల ఆరంగుళాల లోతు నుంచి మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అర కిలో ఇవ్వండి. వ్యవసాయ శాఖ భూసార పరీక్షా కేంద్రంలో గానీ, మీకు దగ్గరైన కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ ఇవ్వొచ్చు. నల్లగొండ వాళ్లకు కంపాసాగర్, సూర్యాపేట వైపు గడ్డిపల్లి, పాలమూరు వైపు పాలెం, మదనాపురం ఉన్నాయి. కర్బనంతో పాటు జింకు, ఇనుము కూడా చూడమని అడగండి. నీటి సీసా కూడా అదే రోజు తీసుకెళ్లండి, బోరు పది నిమిషాలు నడిచాక పట్టిన లీటరు నీళ్లు.